మూత్రంలో మంటకు తక్కువ ఖర్చుతో సరైన వైద్యం: గోదావరి డెల్టా వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డ ఆడవారు నా బల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంది: "మేడమ్, వేడి చేసింది." ఆ ఒక్క మాట వెనుక నాలుగు రోజుల మంట, రెండు రాత్రుల జాగారం, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు ఉండేవి. అప్పటికే మందుల షాపులో రెండు మూడు రకాల మాత్రలు కొని మింగి, కూలి డబ్బులు అక్కడే వదిలేసి వచ్చేవారు. పదవీ విరమణ చేశాక కూడా అవే సందేహాలతో ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందుకే అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మంట మొదలైనప్పుడు

మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంది. ఇది వేడి చేయడమా, ఇన్ఫెక్షనా?

రెండూ కావచ్చు. ఎండలో పనిచేసి, చెమట పట్టి, నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి పసుపుపచ్చగా వస్తుంది, కొంచెం చురుక్కుమంటుంది. నాలుగు గ్లాసుల నీళ్లు తాగి నీడపట్టున కూర్చుంటే పూట తిరిగేలోపు తగ్గిపోతుంది. మన పెద్దలు వేడి అన్నది దీన్నే.

ఇన్ఫెక్షన్ తీరు వేరు. వెళ్లి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, వెళితే నాలుగు చుక్కలే వస్తాయి. ఆపుకోవడం కష్టమవుతుంది. పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగా ఉండటం, దుర్వాసన, ఒక్కోసారి ఎర్రగా రక్తపు చాయ కనిపిస్తాయి. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, ఎక్కువగా ఈ. కోలై అనేది, మూత్రనాళంలోకి చేరడమే దీనికి కారణం. ఆడవారిలో ఆ నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి వారికే ఎక్కువగా వస్తుంది. ఇది శుభ్రత లేనివారికే వచ్చే జబ్బు కాదు, తప్పు చేసినవారికి వచ్చే జబ్బు అసలే కాదు. ఒక రోజంతా బాగా నీళ్లు తాగినా మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. రక్తం కనిపిస్తే ఆ ఒక్క రోజు కూడా ఆగవద్దు.

కొబ్బరి బొండం, బార్లీ నీళ్లు, కొండపిండి కూర సరిపోవా?

నీళ్లు, మజ్జిగ, బార్లీ ఏవి తాగినా మూత్రం పలచబడుతుంది, అందువల్ల మంట తగ్గినట్టుంటుంది. తాగండి, మంచిదే. బ్యాక్టీరియా మాత్రం చాలాసార్లు లోపలే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు ఆడవారిలో తేలికపాటి ఇన్ఫెక్షన్ కొన్నిసార్లు దానంతటదే పోతుంది. ఎవరికి పోతుందో, ఎవరికి కిడ్నీ దాకా పాకుతుందో ముందే చెప్పలేం. గర్భిణులు, షుగరు ఉన్నవారు చలవ పదార్థాలతో రోజులు గడపకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొబ్బరి నీళ్లలోని పొటాషియం హాని చేస్తుంది. వారు డాక్టరును అడగకుండా బొండాలు తాగవద్దు.

తెల్లబట్ట అవుతోంది, దురద కూడా ఉంది. ఇదీ అదేనా?

చాలావరకు కాదు. అది యోనిలో వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి మందులు వేరు. కొన్ని రకాలైతే భర్తకూ చికిత్స చేయాలి. చూపించుకునేటప్పుడు మంట ఒక్కటే చెప్పి తెల్లబట్ట సంగతి దాచవద్దు. దాచినందువల్ల తప్పు మందు వాడి నెలల తరబడి బాధపడినవారిని చూశాను.

ఏవి కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి?

చలితో జ్వరం, నడుముకు పైన ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి, వాంతులు. ఇవి ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరిందనడానికి గుర్తులు. మూత్రం పూర్తిగా ఆగిపోవడం, ముసలివారు ఉన్నట్టుండి మాట తడబడి మనుషులను పోల్చుకోలేకపోవడం కూడా ప్రమాదమే. రాత్రయినా 108కి ఫోను చేయండి. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

## ఎక్కడికి వెళ్లాలి

చేతిలో వంద రూపాయలే ఉన్నాయి. ముందు ఎక్కడికి వెళ్లను?

మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడ డాక్టరు చూడటానికి, మూత్ర పరీక్షకు, ఉన్న మందులకు డబ్బు తీసుకోరు. వంద రూపాయలు ఆటోకు సరిపోతాయి. ఉదయమే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే ల్యాబ్ టెక్నీషియన్ దొరకకపోవచ్చు, మరునాడు మళ్లీ ఆటో ఖర్చు. ఆధార్ కార్డు, పాత చీటీలు, ఇప్పటికే వాడిన మాత్రల ఖాళీ షీట్లు పట్టుకెళ్లండి. ఆ ఖాళీ షీటు చూస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది, పనిచేయని మందునే మళ్లీ రాసే ప్రమాదం తప్పుతుంది.

అక్కడ తేలకపోతే అమలాపురం, రామచంద్రపురం, భీమవరం, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం ప్రభుత్వాసుపత్రులున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చేవారికి, కిడ్నీలో రాళ్లున్నవారికి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులు నయం.

మాది లంక గ్రామం. పంటు దాటి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. వేరే దారి ఉందా?

ఉంది. ఊళ్లోని గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో ఉండే ఆరోగ్య సిబ్బంది ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తారు. దీనికి డబ్బు తీసుకోరు. డాక్టరు రాసిన మందు క్లినిక్‌లో ఉంటే అక్కడే ఇస్తారు. 104 వాహనం మీ ఊరికి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తను అడిగి గుర్తుపెట్టుకోండి. వరదల రోజుల్లో పడవల మీద వైద్య బృందాలు వచ్చినప్పుడు జ్వరం, విరేచనాల గురించే అందరూ అడుగుతారు. మూత్రంలో మంట గురించి కూడా అడగండి. తడి బట్టలతో, మరుగుదొడ్డి లేకుండా రోజుల తరబడి ఉన్నప్పుడు ఈ ఇబ్బంది పెరగడం నేను ఏటా చూసేదాన్ని.

ఆడ డాక్టరు లేరు. మగ డాక్టరుకు ఇది ఎలా చెప్పను?

ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. జబ్బు ముదిరి వచ్చినవారిలో చాలామంది ఆలస్యానికి కారణం డబ్బు కాదు, ఈ మొహమాటమే.

ముందు నర్సుకు చెప్పండి, లేదా ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు చెప్పండి. ఆవిడ చీటీ మీద రాసి లోపలికి పంపుతుంది. అదీ కష్టమైతే ఒక కాగితం మీద "మూత్రంలో మంట, మూడు రోజులుగా, జ్వరం లేదు" అని రాసి ఇవ్వండి, చాలు. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు బట్టలు తీసి పరీక్ష చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఎప్పటి నుంచి, జ్వరం ఉందా, గర్భమా, షుగరుందా అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు, పొట్ట, నడుము నొక్కి చూస్తారు, మూత్రం పరీక్షకు పంపుతారు. అంతకు మించి పరీక్ష అవసరమైతే పక్కన నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది. అత్తగారి ముందో భర్త ముందో చెప్పలేని విషయం ఉంటే వారిని కాసేపు బయట కూర్చోమనండి. ఆ మాట మీ నోటితో అనలేకపోతే నర్సుతో చెప్పించండి. నేను ఎందరికోసమో అన్నాను.

మా ఊరి ఆర్ఎంపీ గారు సూదిమందు వేస్తే ఒక్క రోజులో తగ్గిపోతుంది కదా?

ఒక సూదితో మంట తగ్గినట్టు అనిపించడం నిజమే. మా పెద్దమ్మకు అలాగే జరిగింది. మొదటిసారి ఒక సూది, రెండు రోజులు హాయి. తిరగబెడితే ఇంకో సూది. మూడోసారి వేరే రంగు మాత్రలు, అవీ మూడు రోజులకే. పరీక్ష ఒక్కసారీ చేయించలేదు. నాలుగో వారం చలిజ్వరంతో వణుకుతుంటే పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆరు రోజులు సెలైన్లు, సూదులు. బిల్లు కట్టడానికి పెదనాన్న గేదెను అమ్మేశారు. మొదటి రోజే ఆరోగ్య కేంద్రానికి వచ్చి ఉంటే ఆవిడకు రూపాయి ఖర్చయ్యేది కాదు. నేను అదే జిల్లాలో నర్సుగా ఉండి కూడా సిగ్గుతో నాకు చెప్పలేదు పెద్దమ్మ. అది నాకు ఇప్పటికీ బాధే.

ఊరి వైద్యుడు ఆపదలో మనిషికి తోడుగా ఉంటాడు, కాదనను. కానీ యాంటీబయాటిక్‌ను సగం సగం వాడితే లోపలి బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఆ తర్వాత మిగిలేవి ఖరీదైన మందులే.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు దీనికి పనికొస్తుందా?

ఓపీలో చూపించుకుని మాత్రలు రాయించుకోవడానికి కాదు. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. కిడ్నీకి ఇన్ఫెక్షన్ చేరో, రాళ్లు అడ్డుపడో చేరవలసి వస్తే, అడ్వాన్సు కట్టకముందే ఆ పథకం కౌంటరు ఎక్కడుందో అడిగి, మీ చికిత్స జాబితాలో ఉందో లేదో తెలుసుకోండి.

రొయ్యల ప్లాంటులో పనిచేస్తున్నాను. ఈఎస్ఐ ఉంటే ఏమిటి లాభం?

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతుంటే మీకూ మీ కుటుంబానికీ ఈఎస్ఐ డిస్పెన్సరీలో వైద్యం, మందులు ఉచితం. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో ఒకసారి చూసుకోండి. కోత పడుతున్నా కార్డు సంగతి తెలియక సొంత డబ్బుతో మందులు కొనుక్కునే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు.

## పరీక్షలు

మూత్రం శాంపిల్ ఎలా పట్టాలి?

తప్పుగా పడితే రిపోర్టూ తప్పే, డబ్బూ వృథా. ముందు మంచినీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చే కొంచెం మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని ల్యాబువారు ఇచ్చిన సీసాలో పట్టండి. ఇంట్లో మందు సీసా, పచ్చడి సీసా కడిగి తేవద్దు. గంటలోపు ల్యాబులో ఇవ్వాలి. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే పట్టాలి.

కల్చర్ పరీక్ష తప్పనిసరా? బయట చేయిస్తే ఖరీదెక్కువ అంటున్నారు.

ఆరోగ్యంగా ఉన్న, గర్భం లేని ఆడవారికి మొదటిసారి వస్తే చాలాసార్లు అక్కరలేదు. లక్షణాలు, మామూలు మూత్ర పరీక్ష చూసి డాక్టరు మందు రాయవచ్చు. గర్భిణులకు, మగవారికి, పిల్లలకు, జ్వరం ఉన్నవారికి, మందు వాడినా తగ్గనివారికి, మాటిమాటికీ వచ్చేవారికి కల్చర్ చేయాలి. మూత్రంలో ఏ బ్యాక్టీరియా పెరిగింది, అది ఏ మందుకు లొంగుతుంది అన్నది అందులో తెలుస్తుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇలాంటివారికి కల్చర్ దగ్గర డబ్బు మిగుల్చుకుంటే, పనిచేయని మందుల మీద అంతకు రెండింతలు పోతుంది. బయట చేయించేముందు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి ల్యాబులో చేస్తారేమో అడగండి.

రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువున్నాయన్నారు. నాకు మాత్రం ఏ బాధా లేదు. మందు వాడాలా?

గర్భిణి కాకపోతే, మూత్రనాళానికి ఆపరేషన్ ఏదీ చేయించుకోబోవడం లేదంటే, సాధారణంగా వద్దు. మందు కాగితానికి కాదు, మనిషికి వేయాలి.

## మందులు, వాటి ఖర్చు

దీనికి సాధారణంగా ఏ మందు ఇస్తారు? ఖరీదైనదా?

కిడ్నీకి చేరని మామూలు ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటోయిన్ ఎక్కువగా రాస్తారు. పాత మందు, చవకైనది, ఇప్పటికీ బాగా పనిచేస్తున్నది. నిదానంగా కరిగే రకమైతే 100 మిల్లీగ్రాములది రోజుకు రెండుసార్లు, 5 రోజులు. అంటే మొత్తం పది. భోజనం చేశాక వేసుకోవాలి. మూత్రం ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తుంది, భయపడనక్కరలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు ఇది పనికిరాదు. కిడ్నీకి చేరిన ఇన్ఫెక్షన్‌కు చాలదు.

నీళ్లలో కలిపి ఒక్కసారే తాగే 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి కూడా ఉంది. అది మంచి మందే, ధర ఎక్కువ. ఒకప్పుడు అందరికీ ఇచ్చిన నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకు మన దేశంలో ఈ. కోలై చాలావరకు లొంగడం మానేసింది. పదేళ్ల కిందటి చీటీ చూసి వాటిని మళ్లీ కొనుక్కోవద్దు. పైగా అవి కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు కూడా హాని చేయగలవు.

ఈ పేర్లు మీ చీటీని మీరు అర్థం చేసుకోవడానికి చెప్పాను. మందు ఎంచవలసింది డాక్టరే.

ఆరోగ్య కేంద్రంలో ఆ మందు లేదు, బయట కొనుక్కోమన్నారు. తక్కువలో ఎలా?

డాక్టరును కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని అడగండి. ఆ చీటీతో జన ఔషధి కేంద్రానికి వెళ్లండి. బ్రాండు మందుల కంటే అక్కడ సగం ధరకు, కొన్ని ఇంకా తక్కువకు దొరుకుతాయి. దగ్గరలో కేంద్రం ఎక్కడుందో, మందు ధర ఎంతో జన ఔషధి సుగమ్ అనే ఫోను యాప్‌లో చూడవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలకు చెబితే రెండు నిమిషాల్లో చూసి పెడతారు. అందుబాటులో లేకపోతే మామూలు మందుల షాపులోనే "ఇదే మందు, తక్కువ ధర కంపెనీది ఇవ్వండి" అని అడగండి. అలా అడగడం నామోషీ కాదు. కోర్సుకు సరిపడా మాత్రలే కొనండి, షీటు కత్తిరించి ఇమ్మనండి. ధర తక్కువని మందు నాసిరకం అనుకోవద్దు.

చీటీ లేకుండానే షాపులో ఇస్తున్నారు. ఆసుపత్రికి వెళ్లడం ఎందుకు?

షీటు వెనుక నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందు. షాపులో ఇచ్చేది తరచుగా రెండు రోజులకే ఉంటుంది, మీకు గర్భమా, కిడ్నీ జబ్బుందా అని ఎవరూ అడగరు.

మంట తగ్గించే సిరప్ ఒక్కటే వాడితే చాలదా?

డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ ఉండే ఆ సిరప్ మూత్రంలోని ఆమ్లత్వాన్ని తగ్గించి ఉపశమనం ఇస్తుంది. బ్యాక్టీరియాను చంపదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: నైట్రోఫ్యూరాంటోయిన్ ఆమ్ల గుణం ఉన్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది, కాబట్టి రెండూ కలిపి వాడితే మందు బలం తగ్గవచ్చు. సిరప్ కొనేముందు డాక్టరును అడిగితే ఆ డబ్బు మిగలవచ్చు.

రెండు రోజులకే హాయిగా ఉంది. మిగతా మాత్రలు దాచుకోనా?

దాచవద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి. మిగిలిన నాలుగు మాత్రలు పక్కింటి అమ్మాయికి ఇవ్వడం సాయం కాదు.

మూడు రోజులు వాడినా తగ్గలేదు. ఇంకో మందు కొనుక్కోనా?

కొనవద్దు. అదే డాక్టరు దగ్గరికి చీటీతో వెళ్లి కల్చర్ గురించి అడగండి. బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకపోయి ఉండవచ్చు, రాయి ఉండవచ్చు, అసలు జబ్బే వేరై ఉండవచ్చు. ఈలోగా నొప్పికి డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు సొంతంగా వేసుకోకండి, అవి కిడ్నీలకు మంచివి కావు.

## ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినవారు

అమ్మాయికి ఐదో నెల. మంట కొంచెమే ఉంది. కాన్పయ్యాక చూపిస్తే?

అప్పటిదాకా ఆగవద్దు. గర్భంలో ఇది కిడ్నీకి తేలికగా పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. బాధ లేకపోయినా కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపిస్తే గర్భిణికి మందు ఇస్తారు. గర్భం మొదట్లో, చివర్లో వాడకూడని మందులున్నాయి, కాబట్టి ఎన్నో నెలో తప్పక చెప్పండి. ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు, మందులు ఉచితం. ప్రతి నెల 9వ తేదీన జరిగే గర్భిణుల ప్రత్యేక పరీక్షలకు తీసుకెళ్లి, మూత్ర పరీక్ష చేశారో లేదో అడగండి. మంట ఉంటే మాత్రం 9వ తేదీ దాకా చూడకుండా ఆ రోజే వెళ్లండి.

నాకు షుగరు ఉంది. తరచుగా మంట వస్తోంది.

షుగరు అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ తొందరగా తిరగబెడుతుంది, త్వరగా ముదురుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి మూత్రంలో చక్కెర పోతుంది, అందువల్ల జననాంగాల వద్ద ఫంగస్, దురద వస్తాయి. మీ షుగరు మాత్రల షీటు చూపించండి. సొంతంగా మాత్రం మానేయకండి.

మగవారికి కూడా వస్తుందా?

వస్తుంది, తక్కువ. వచ్చినప్పుడు ప్రోస్టేట్ వాపు, రాయి, లైంగిక సంక్రమణ వంటి వేరే కారణం ఉందేమో చూడాలి. చికిత్స కూడా ఎక్కువ రోజులు సాగుతుంది.

పసిబిడ్డకు జ్వరం, జలుబు దగ్గు ఏమీ లేవు. ఇది కావచ్చా?

కావచ్చు. పసివారు మంట అని చెప్పలేరు. జ్వరం, పాలు తాగకపోవడం, వాంతులు, ఊరికే ఏడవడమే గుర్తులు. మూత్ర పరీక్ష చేయమని అడగండి.

## మళ్లీ మళ్లీ వస్తుంటే

నాట్లకు వెళ్లినప్పుడల్లా వస్తోంది. ఏం చేయాలి?

దాళ్వా నాట్లలో పొద్దున్నే చేలో దిగితే మధ్యాహ్నం దాకా గట్టు ఎక్కడానికి వీలుండదు, ఎక్కినా చాటు ఉండదు. అందుకని ఆడవారు నీళ్లు తాగడమే మానేస్తారు. ఈ జబ్బుకు మన డెల్టాలో నేను చూసిన అతి పెద్ద కారణం ఇదే. తక్కువ నీళ్లు తాగే ఆడవారు రోజుకు మరో లీటరున్నర తాగితే ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గాయని పరిశోధనలో తేలింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

పనికి వెళ్లేముందు, భోజనాల వేళ తప్పక మూత్రానికి వెళ్లండి. నలుగురు కలిసి వెళ్లి చీరలు అడ్డుపట్టుకునే అలవాటు మంచిదే. కాలువలు కట్టేసిన వేసవిలో తీరప్రాంతపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగలేరు, ఇంటి నుంచే సీసా నింపుకుని వెళ్లండి. భార్యాభర్తలు కలిసిన తర్వాత మూత్రానికి వెళ్లడం, మల విసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం మేలు. లోపల సబ్బు, డెట్టాల్ పెట్టి కడగవద్దు.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు. అప్పుడు కల్చర్, అవసరమైతే స్కానింగ్ చేయాలి.

ముట్లుడిగాక మొదలైంది. ఈ వయసులో ఎందుకు?

ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి ఆ భాగం పొడిబారుతుంది, రక్షణ తగ్గుతుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము చాలామందికి తిరగబెట్టకుండా చేస్తుంది. ఈ క్రీము పేరు చెప్పి గైనకాలజిస్టును అడగండి. వయసైపోయింది కదా అని ఊరుకున్న ఎందరో అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

రొయ్యలు వలిచే షెడ్డులో పది గంటలు నిలబడతాం. బాత్‌రూమ్‌కు వెళ్తామంటే మేస్త్రీ కసురుకుంటాడు. ఏమని అడగాలి?

ఆడవారికి విడిగా, తలుపున్న మరుగుదొడ్లు, తాగడానికి మంచినీళ్లు ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. ఒక్కరే అడిగితే కసురుతారు, పదిమంది కలిసి అడగండి. మాట వినకపోతే ఆరోగ్య కేంద్రం డాక్టరుతో "ఈమె రెండు మూడు గంటలకొకసారి మూత్ర విసర్జనకు వెళ్లాలి" అని చీటీ రాయించి యాజమాన్యానికి ఇవ్వండి. నా సర్వీసులో అలాంటి చీటీలు చాలానే రాయించాను. ఒక షెడ్డులో ఒక అమ్మాయి తెచ్చిన చీటీ తర్వాత అందరికీ రెండు విరామాలు ఇచ్చారు.